పెంపుడు కుక్కల కడుపు జబ్బులు, పులిత్రేన్పులు



వరినారు, యూరియా, దోమపోటు గురించి చెప్పవలసిన మనిషి ఈ వేళ కుక్క కడుపును గురించి చెబుతాడేమిటని మీకు అనిపించవచ్చును. నేను పశువైద్యుణ్ణి కాను. నాది వ్యవసాయ డిప్లొమా. అయితే గోదావరి డెల్టాలో ఊరూరా తిరిగే ఉద్యోగిని ముందుగా పలకరించేది రైతు కాదు, రైతు కుక్క. మకాం దగ్గర, కళ్లంలో ధాన్యపు రాశి దగ్గర, కోనసీమ కొబ్బరితోటలో, భీమవరం వైపు రొయ్యల చెరువు గట్టు మీద, ఎక్కడ చూసినా రాత్రి కాపలా దానిదే. జీతం రెండు పూటల అన్నం. జబ్బు చేసినప్పుడు మాత్రం దానికి దక్కేది ఇంట్లో ఎవరో వాడగా మిగిలిపోయిన మాత్ర.

కొన్నేళ్ల క్రిందట రావులపాలెం అవతల ఒక లంక గ్రామానికి అరటితోట చూడడానికి వెళ్లాను. రైతు తోట సంగతి ఎత్తకుండానే, "బాబూ, మా నల్లోడు నాలుగు రోజులబట్టి తెల్లారేసరికి పచ్చగా కక్కేస్తున్నాడండీ. కక్కినా మళ్లీ అన్నం తింటున్నాడు. కడుపు నొప్పేమోనని మా నాన్న మోకాళ్లకు వాడే నొప్పి మాత్ర రెండు పూటలా వేశానండీ. ఇప్పుడేమో తారులాగా పారుతున్నాడు" అన్నాడు. కుక్క అరుగు క్రింద ముడుచుకొని పడుకొని ఉంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా ఉన్నాయి. పశువైద్యుడు వచ్చి చూసి, మాత్రల వల్ల కడుపులో పుండు పడి నెత్తురు కారిందనీ, ఆ నెత్తురు పేగుల్లో అరిగి తారులాగా వస్తున్నదనీ చెప్పారు. మూడోనాటికి కుక్క పోయింది.

ఆ రైతు చెడ్డవాడు కాడు. కుక్క మీద ప్రేమ ఉండబట్టే మాత్ర వేశాడు. కాని మొదట వచ్చిన ఆ పచ్చని వాంతి రాత్రి పడుకోబోయే ముందు ఒక ముద్ద అన్నం పెడితే తగ్గిపోయే రకమే అయి ఉండవచ్చునని డాక్టరు గారు అన్న మాట నా మనసులో ఉండిపోయింది. అప్పటినుంచి నేను తెలిసినవారిని అడిగి, చదివి పోగుచేసికొన్న సంగతులు మీ ముందు పెడుతున్నాను.

మొట్టమొదట తెలిసికోవలసినది, వాంతి అనేది జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. వరి ఆకు పసుపు పచ్చబడింది అంటే నేను వెంటనే మందు పేరు చెప్పను గదా! నత్రజని చాలలేదా, జింకు చాలలేదా, వేరు కుళ్లిందా అని చూస్తాను. కుక్క వాంతికీ అంతే. ఎప్పుడు కక్కింది, ఏమి కక్కింది, ఎట్లా కక్కింది - ఈ మూడూ చూడకుండా దాని నోట్లో ఏ మాత్రా వేయరాదు.

ముందు ఎట్లా కక్కింది అన్న సంగతి చూద్దాం. నిజమైన వాంతిలో కుక్క పొట్ట ఎగిరెగిరి పడుతుంది. చొంగ కారుతుంది, డోకు వస్తుంది, తరువాత తిన్నది బయటపడుతుంది. ఇది కడుపులోనుంచి వచ్చేది. రెండవ రకంలో ఇదంతా ఉండదు. తల వంచగానే, పొట్ట కదలకుండానే, మింగిన అన్నం మింగినట్టే, ఒక్కొక్కప్పుడు గొట్టంలో పోసి తీసినట్టు జారిపడుతుంది. ఇది కడుపుదాకా పోకుండా ఆహారనాళంలోనుంచే తిరిగి వచ్చినదన్నమాట. పశువైద్యుడికి మీరు చెప్పగల సంగతుల్లో ఇది చాలా విలువైనది. ఈ రోజుల్లో ఇంట్లో అందరి చేతుల్లోనూ ఫోను ఉంటోంది. కుక్క కక్కేటప్పుడు చిన్న వీడియో తీసి చూపిస్తే డాక్టరుకు సగం పని తీరుతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం చెప్పి ముందుకు పోతాను. కుక్క నోరు తెరిచి ఉంచి, చొంగ కారుస్తూ, నీళ్లు కూడా మింగలేక గింజుకొంటూ ఉంటే మనవాళ్లు "గొంతులో చేపముల్లు గుచ్చుకొంది" అనుకొంటారు. గోదారికి ఎర్రనీరు వచ్చి పులస దొరికే కాలంలో అయితే మరీను. వెంటనే చేయి పెట్టి ముల్లు తీయబోతారు. అది ముల్లు కావచ్చును. రేబిస్ కూడా కావచ్చును. పిచ్చికుక్క అంటే వెంటపడి కరిచేదే అనుకోవడం పొరపాటు. దవడ వాలిపోయి, మూల నక్కి, మూగగా చచ్చిపోయే పిచ్చి కూడా ఉన్నది. కాబట్టి మింగలేని కుక్క నోట్లో ఎవ్వరూ చేయి పెట్టవద్దు. దానిని ఒక గదిలో వేసి తలుపు మూసి పశువైద్యుణ్ణి పిలవండి. ఈలోపల దాని చొంగ చేతి గాయానికి తగిలినా, పన్ను గీరినా, ఆ చోటును సబ్బుతో, పారే నీటి క్రింద 15 నిమిషాలు కడిగి అదే రోజున ఆసుపత్రికి పోయి టీకా మొదలుపెట్టించుకోవలెను. పసుపు, కారం, సున్నం పూయరాదు. రేబిస్ లక్షణాలు మనిషిలో కనబడిన తరువాత చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

ఇక నల్లోడికి వచ్చిన పచ్చని వాంతి సంగతి.

కడుపులో పుల్లని రసం ఊరుతుంది. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మాంసాన్నీ ఎముకనూ మెత్తబరచగలది. ఆ ఆమ్లం తన గోడనే తినివేయకుండా కడుపు లోపల జిగురుపూత ఉంటుంది. ఆహారనాళానికి ఆ పూత అంత గట్టిగా ఉండదు. ఆ రెంటికీ నడుమ బిగువైన కండరపు తలుపు ఒకటి ఉంటుంది, మన పంటబోదె తూములాగా. తూము వదులైతే దిగువనీరు ఎగదన్నినట్టు, ఆమ్లం పైకి తన్ని నాళాన్ని కాలుస్తుంది. అదే పులిత్రేన్పు. కుక్క "గుండెల్లో మంట" అని చెప్పలేదు గదా! దాని బదులు ఊరికే గుటకలు మింగుతుంది, పెదవులు నాకుతుంది, గచ్చునూ గోడనూ నాకుతుంది, గట్టున ఉన్న గరిక ఆత్రంగా మేస్తుంది, అన్నం దగ్గరకు వచ్చి వాసన చూసి వెనక్కి పోతుంది, రాత్రిళ్లు పడుకోలేక లేచి కూర్చుంటుంది. ఒకటి రెండుసార్లు గరిక తినడం జబ్బు కాదు. పైవాటిలో రెండు మూడు కలిసి రోజూ కనిపిస్తే అనుమానించవలెను. చప్పిడి ముక్కు కుక్కలకు, అంటే పట్నాలనుంచి తెచ్చి పెంచుతున్న పగ్గు వంటి జాతులకు, ఈ బాధ ఎక్కువ. మత్తు ఇచ్చి ఆపరేషను చేసిన తరువాత నాలుగైదు రోజులలో మింగడం కష్టమైతే కూడా డాక్టరుకు చెప్పవలెను. మత్తులో ఉండగా తూము వదులై ఆమ్లం ఎగదన్ని ఉండవచ్చును.

ఆమ్లం ఎప్పుడు ఊరుతుందన్న సంగతి లోకానికి తెలిసింది కుక్కల వల్లనే. రష్యాలో పావ్లోవ్ అనే శాస్త్రజ్ఞుడు కుక్కల గొంతు దగ్గర దారి మళ్లించి, తిన్న మాంసం కడుపులోకి పోకుండా బయట పడేటట్లు చేసి చూశాడు. మాంసం కడుపు చేరకపోయినా కడుపులో రసం మాత్రం బొటబొటా ఊరింది. అన్నం కనబడడమే చాలు, వాసన వస్తే చాలు, కడుపు తయారైపోతుందన్నమాట. ఈ జీర్ణక్రియ పరిశోధనకే ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కుక్కల జఠరరసాన్ని అజీర్తి మందుగా అమ్మేవారంటే మీకు నవ్వు రావచ్చు గాని అది నిజం.

మన మకాం కుక్క సంగతి ఇప్పుడు ఆలోచించండి. సాయంత్రం పని ముగించి అయిదు గంటలకు ఇంత అన్నం పెట్టి ఊళ్లోకి వచ్చేస్తాము. మర్నాడు పది గంటలకు గాని మళ్లీ పెట్టము. నడుమ 17 గంటలు. తెల్లవారుజామున కడుపు ఖాళీ. పేగులోని పసరు వెనక్కి తన్ని ఖాళీ కడుపులో చేరి రేపుతుంది. కుక్క నురగతో కలిసిన పసుపుపచ్చ నీరు కక్కుతుంది. కక్కిన తరువాత హుషారుగా ఉంటుంది, అన్నం పెడితే తింటుంది, జ్వరం ఉండదు, విరేచనం బాగానే ఉంటుంది. ఇట్లాంటి కుక్కకు మొదటి వైద్యం గిన్నెలోనే ఉన్నది. అదే అన్నాన్ని మూడు నాలుగు భాగాలు చేయండి. ఆఖరి భాగం రాత్రి పడుకోబోయే ముందు పెట్టండి. మకాం దగ్గర రాత్రి ఎవరూ ఉండకపోతే చెరువు కాపలా మనిషికి అప్పగించండి. వేళ తప్పవద్దు; వేళకు అలవాటు పడిన కడుపు ఆ వేళకు రసం ఊరించి అన్నం కోసం చూస్తుంది. వారం రోజులలో చాలా కుక్కలు తేరుకొంటాయి. తేరుకోకపోతే అది వేరే జబ్బు, చూపించవలసిందే.

పెట్టే తిండిలో నూనె, కొవ్వు తగ్గించాలి. కొవ్వు ఎక్కువైతే కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, తూము వదులవుతుంది. తోలు తీసిన కోడిమాంసం ఉప్పూకారం లేకుండా ఉడికించి, మెత్తటి అన్నంలో కలిపి కొద్దికొద్దిగా పెట్టడం జబ్బు రోజుల్లో మంచిది. సంక్రాంతికి మనం తిన్న వేటమాంసం కొవ్వంతా కుక్క ముందు పోస్తే కడుపుకే కాదు, క్లోమానికి కూడా వాపు వచ్చి ప్రాణం మీదికి రావచ్చును. ఆవకాయ కలిపిన అన్నం, ఉల్లి వెల్లుల్లి వేసిన కూరలు కుక్కకు పనికిరావు. ఉల్లి దాని నెత్తుటి కణాలను విరుస్తుంది. ఉడికిన కోడి ఎముక చీలి గుచ్చుకొంటుంది.

మందుల సంగతి. ఆమ్లం తగ్గించడానికి పశువైద్యులు ఇప్పుడు ఎక్కువగా ఒమిప్రజోల్ వాడుతున్నారు. కుక్క బరువు కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున, రోజుకు రెండు పూటలు, అన్నానికి అరగంట ముందు అనేది వాడుకలో ఉన్న లెక్క. మనవాళ్లు అన్నంలో కలిపి పెడతారు, అప్పుడది సరిగా పనిచేయదు. బిళ్లను నూరినా, గొట్టంలోని గుళికలను చిదిపినా ఆమ్లంలో పాడైపోతుంది. నెలల తరబడి వాడించి ఒక్కసారిగా మానిపించినా మంట మళ్లీ ఎగదన్నుతుంది, కాబట్టి మొదలుపెట్టడమూ మానడమూ డాక్టరు చెప్పినట్టే జరగాలి. పుండు పడిందని అనుమానం ఉంటే సుక్రాల్ఫేట్ అనే పూత మందు ఇస్తారు. అది తక్కిన మందులను పట్టుకొని కదలనివ్వదు గనుక రెండు గంటల ఎడం ఉండాలి. తినేసోడా నీళ్లు, పొంగే పొడులు పోయవద్దు. పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ - ఈ నాలుగు పేర్లూ గుర్తు పెట్టుకోండి, ఇంట్లో తరచు కనబడేవి ఇవే. వీటిని కుక్కకు మీ చేతితో వేయవద్దు. డైక్లోఫెనాక్ పశువులకు వాడడాన్ని మన దేశంలో 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు రాలిపోయినందువల్ల.

ఇంతవరకు చెప్పినది ఆమ్లం బాధ. ఇక అంటుజబ్బులు. వీటిలో ఓర్పు పట్టి చూస్తూ కూర్చోవడానికి వీలు లేనివి ఉన్నాయి.

అన్నిటికన్నా చెడ్డది పార్వో. మన తాతల కాలంలో ఇది లేదు. 1978 ప్రాంతంలో ప్రపంచంలో బయటపడి రెండేళ్లు తిరగకుండా ఖండాలన్నీ చుట్టివచ్చింది. 1980ల తొలి యేళ్లలో మన దేశంలోనూ గుర్తించారు. ఆరు వారాలు మొదలు ఆరు నెలల లోపు పిల్లలను ఎక్కువగా పట్టుతుంది. నిన్న గంతులు వేసిన పిల్ల ఈ వేళ అన్నం ముట్టదు, మూల పడుకొంటుంది, ఆగకుండా కక్కుతుంది, తరువాత నెత్తురుతో కలిసిన, ముక్కు పగిలే వాసనగల నీళ్ల విరేచనం. ఈ వైరసు పేగు లోపలి పొరను చెక్కివేస్తుంది, జబ్బుతో పోరాడే తెల్లకణాలను కూడా హరిస్తుంది. వైద్యం లేకపోతే పట్టిన పిల్లల్లో ఎక్కువ భాగం రెండు మూడు రోజుల్లో పోతాయి. పోయేది చాలావరకు ఒంటిలో నీరు ఇంకిపోవడం వల్ల. అందుచేత రక్తనాళంలోకి సెలైను ఎక్కించడం, వాంతి ఆపే సూది వేయడం, చెక్కుకుపోయిన పేగులోనుంచి నెత్తురులోకి సూక్ష్మజీవులు పోకుండా మందు ఇవ్వడం - ఇవి ఆసుపత్రిలో జరగవలసినవి. కక్కుతున్నదని రోజుల తరబడి కడుపు మాడ్చడం పాత పద్ధతి. చప్పటి పలచని ఆహారం కొద్దికొద్దిగా త్వరగా మొదలుపెట్టిన పిల్లలే త్వరగా కోలుకొంటున్నాయని ఇప్పుడు తెలిసింది. పాలు త్రాగే పసికూనను అసలు పస్తు పెట్టరాదు.

ఒంట్లో నీరు ఉన్నదా లేదా మీరే చూడవచ్చును. మెడ మీది చర్మం చిటికెతో ఎత్తి వదలండి. టక్కున క్రిందికి జారాలి. గుడారంలాగా నిలబడితే నీరు తగ్గినట్టే. చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకండ్లలో ఎర్రబడాలి. చిగురు తడిగా ఉండాలి, జిగటగా ఉండరాదు. కుక్కకు మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మన చేతికి అది వేడిగానే తగులుతుంది గనుక ముక్కు ముట్టుకొని జ్వరమని చెప్పవద్దు.

డాక్టరు దొరికేలోపల, కుక్కకు తెలివి ఉండి, నీళ్లు నిలుపుకోగలిగితే, మనుషులకు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. పొట్లం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి పట్టండి. పొట్లం దొరకకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, చెంచా అంచు దాటకుండా కొలవండి. చిన్నపిల్లకు అయిదు పది నిమిషాలకు ఒక చెంచా. గిన్నె నిండా పెడితే గటగటా త్రాగి మొత్తం కక్కేస్తుంది. త్రాగకపోతే గొంతు ఎత్తి పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పార్వో వైరసు గట్టిపిండం. నేలలో నెలల తరబడి, నీడపట్టున ఏడాది కూడా బ్రతికి ఉండగలదు. మామూలు ఫినాయిలు దానిని చంపదు. మలమంతా ఎత్తివేసి, కడిగి, బట్టలకు వాడే బ్లీచింగు ద్రావణం ఒక పాలు, నీళ్లు 30 పాళ్లు కలిపి నేల మీద పోసి పది నిమిషాలు ఉండనివ్వాలి. పిల్ల పోయిందని వారానికే సంతనుంచి ఇంకొక పిల్లను తెచ్చి అదే గోనె మీద పడుకోబెడితే అది కూడా పోతుంది. ఇది నేను కళ్లారా చూశాను. ఒకే ఇంట వరుసగా మూడు పిల్లలు.

దీనికి టీకా ఉన్నది. ఆరు ఎనిమిది వారాల వయసులో మొదటిది, ఆ తరువాత మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున 16 వారాలు నిండేవరకు, ఏడాదికి మళ్లీ ఒకటి. "ఒకసారి వేయించాం గదా, చాలు" అంటారు. తల్లి ముర్రుపాలలో వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. అది ఏ వారంలో తరుగుతుందో పైకి తెలియదు. అందుకే అన్నిసార్లు.

కుక్కపిల్ల పొట్ట కుండలాగా ఉబ్బి, వాంతిలో సేమియా పోగుల్లాంటివి పడితే అవి ఏలికపాములు. తల్లి కడుపులో ఉండగానే పిల్లకు చేరుతాయి. కొంకి పురుగులు ఇంకా చెడ్డవి, పేగుకు కరుచుకొని నెత్తురు త్రాగి పిల్లను తెల్లగా పాలిపోయేటట్లు చేస్తాయి. రెండు వారాల వయసునుంచి రెండు వారాలకొకసారి మూడు నెలలు వచ్చేవరకు, తరువాత ఆరు నెలల దాకా నెలకొకసారి, ఆ పైన మూడు నెలలకొకసారి పురుగుల మందు వేయించాలి. గేదెకు తెచ్చిన మందు కళ్లతో కొలిచి కుక్కకు పోయడం వద్దు. ఏలికపాము గుడ్లు మట్టిలో ఆడుకొనే మన పిల్లల కడుపుల్లోకి కూడా పోతాయి. కాబట్టి ఈ ఖర్చు కుక్క కోసమే అనుకోకండి.

డెల్టాకు ప్రత్యేకమైనది ఇంకొకటి, ఎలుకజ్వరం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలువలు పారిననాటినుంచి ఈ నేల అన్నం పెడుతున్నది. అన్నం ఉన్నచోట ఎలుక కూడా ఉంటుంది. ఎలుక మూత్రంలోని లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి చేలో నిలిచిన నీటిలో బ్రతుకుతుంది. వరద తీసిన తరువాత ఈ భయం హెచ్చు. కుక్క ఆ నీళ్లు త్రాగినా, గాయం ఉన్న కాలితో నడిచినా పట్టుతుంది. జ్వరం, వాంతులు, కాళ్లు పట్టుకుపోవడం, తరువాత కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం. పచ్చని వాంతి ఒక్కటే చూసి "పైత్యం" అని ఊరుకోకుండా కంటి తెల్లగుడ్డు చూడమనేది ఇందుకే. ఈ జబ్బు కుక్క మూత్రంనుంచి మనకూ రాగలదు. అట్లాంటి కుక్క మూత్రం వట్టి చేతులతో, వట్టి కాళ్లతో త్రొక్కవద్దు. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే కుక్క సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. దీనికీ కుక్కలకు ఏటేటా వేసే టీకా ఉన్నది.

లెప్టోస్పైరాకు డాక్సీసైక్లిన్ బాగా పనిచేస్తుంది. ఆ జాతి మందుల్లో మొట్టమొదటిది, ఆరియోమైసిన్ పేరుతో 1948లో లోకానికి వెల్లడైనది, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో మన యెల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో బయటపడినది. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదువుకొన్నారు. చిన్ననాట పేగుజబ్బు వల్ల తన వాళ్లను పోగొట్టుకొని, తానూ ఆ జబ్బు పడి లేచిన మనిషి. మన జిల్లా మనిషి ఇచ్చిన మందని గర్వపడవచ్చును గాని, విరేచనమైన ప్రతి కుక్కకూ ఆ గొట్టం మందు వేయమని అర్థం కాదు. పెద్దకుక్క ఒకపూట చెత్త తిని పారితే చాలావరకు రెండు మూడు రోజుల్లో దానంతట అదే కట్టుకొంటుంది. అనవసరంగా వేసిన మందు పేగులోని మంచి జీవులను చంపి, చెడ్డవాటికి ఆ మందును తట్టుకోవడం నేర్పుతుంది. పైగా ఆ గొట్టం నీళ్లు లేకుండా మింగిస్తే ఆహారనాళంలో అంటుకొని అక్కడే పుండు చేయగలదు. ఏ మాత్ర మింగించినా వెనుకనే కొంచెం నీళ్లు గాని ముద్ద గాని పోవలెను.

మనుషుల కడుపు పుండుకు కారణమైన హెలికోబాక్టర్ అనే క్రిమిని 1982లో ఆస్ట్రేలియాలో వారెన్, మార్షల్ అనే ఇద్దరు డాక్టర్లు పట్టుకొన్నారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. అది చదివి "మా కుక్కకూ అదేనా?" అని అడిగే చదువుకొన్న రైతులున్నారు. కుక్క కడుపులో ఆ కుటుంబపు క్రిములు ఉంటాయి, ఆరోగ్యంగా ఉన్నవాటిలో కూడా చాలావాటికి ఉంటాయి. కాబట్టి అవి ఉన్నంత మాత్రాన జబ్బని చెప్పలేరు. గొట్టం దించి కడుపులో ముక్క తీసి పరీక్ష చేసి, వాపు ఉన్నదని తేలితే తప్ప వాటికి మందు వాడరు.

ఆఖరుగా మా శాఖ తరఫున చెప్పవలసిన సంగతి. చేలలో ఎలుకలకు మందు పెట్టమని చెప్పేది మేమే. నూకలు 96 పాళ్లు, నూనె రెండు పాళ్లు, మందు రెండు పాళ్లు. ఆ నూనె వాసన ఎలుకకు ఎంత ఇంపో కుక్కకూ అంతే. జింకు ఫాస్ఫైడ్ అయితే కడుపులోని ఆమ్లం తగిలి విషవాయువుగా మారుతుంది. అందుచేత ఆ కుక్కకు విరుగుడని అన్నం, పాలు, మజ్జిగ పెట్టవద్దు. అన్నం చూస్తే ఆమ్లం ఊరుతుందని పావ్లోవ్ సంగతిలో చెప్పాను గదా! ఉప్పునీళ్లు పోసి కక్కించనూ వద్దు. అది కక్కినది కుళ్లిన చేపలాగానో వెల్లుల్లిలాగానో వాసన వేస్తుంది. ఆ వాయువు మనకూ విషమే. గాలి వచ్చే వైపున నిలబడండి, తలుపులు వేసిన కారులో తీసికొని పోవద్దు. దీనికి విరుగుడు మందు లేదు గనుక గంటలు లెక్క. బ్రోమాడయోలోన్ అయితే మూడు నాలుగు రోజులదాకా ఏమీ తెలియదు. తరువాత కుక్క నీరసపడి, ముక్కునుంచో విరేచనంలోనో నెత్తురు కనబడుతుంది. దానికి విటమిన్ కె1 అనే విరుగుడు ఉన్నది, వారాల తరబడి వాడవలసి ఉంటుంది. మందు పొట్లం అట్ట పారవేయకుండా ఉంచి, కుక్కతోపాటు ఆసుపత్రికి తీసికొని పొండి. ఏ విషమో తెలియక డాక్టరు తడుముకొనే సమయం కలిసివస్తుంది.

మందు పెట్టే రోజున మధ్యాహ్నంనుంచి కుక్కను కట్టివేయండి. పొట్లాలు బొరియ లోపలికి త్రోసి మట్టితో మూయండి, గట్టు మీద పరచవద్దు. మర్నాడు చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టిన తరువాతనే కుక్కను వదలండి. ప్రక్క చేను రైతు మందు పెడుతున్నాడేమో ముందురోజే అడిగి తెలిసికోండి. కుక్కకు సరిహద్దురాళ్లు తెలియవు. పొట్ట డప్పులాగా ఉబ్బి, డోకు వస్తున్నా ఏమీ పడకపోవడం, వాంతిలో నెత్తురు లేదా కాఫీపొడి వంటి నలుపు, నల్లని విరేచనం, తెల్లబడిన చిగుళ్లు, ఆరు నెలల లోపు పిల్ల రెండుసార్లకు మించి కక్కడం - వీటిలో ఏ ఒక్కటి కనబడినా తెల్లవారనీ అని ఆగవద్దు.